ఆ మాట బరువు ఎవరి మీద పడింది?

(పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వెళ్లిన ఆదివారం సాయంత్రం విజయనగరంలో జరిగిన చిన్న సభలో ఒక రిటైర్డ్ లెక్కల టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

సభలో ఉన్న పెద్దలందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు కూడా వచ్చారు, చాలా సంతోషం.

దేవుడి తరఫున మాట్లాడుతున్నామని చెప్పేవాళ్ల గురించి మాట్లాడమన్నారు నన్ను. ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను. నాకు దేవుడంటే నమ్మకం ఉంది. పొద్దున్న దీపం పెట్టందే కాఫీ తాగను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఇవాళ నేను మాట్లాడబోయేది కాదు. దేవుడికీ మనకీ మధ్య నిలబడి, "ఆయన నాతో ఇలా చెప్పాడు, నువ్వు ఇలా చెయ్యి" అనే మనిషి ఉంటాడే, ఆ మనిషి గురించే నా మాటలన్నీ.

మొన్న మంగళవారం సిరిమాను అందరం చూశాం. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడుస్తుంటే, వెనకాల యాభై అడుగుల పైన ఆ పొడుగాటి మాను చివర కూర్చుని పూజారి గారు గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగారు. అరటిపళ్లు విసిరాం, దణ్ణాలు పెట్టుకున్నాం. మా మనవరాలు నా భుజం మీద చెయ్యేసి, "మామ్మా, ఆయనకి భయం వెయ్యదా?" అని అడిగింది. ఆ ప్రశ్న దగ్గరే నేను ఇవాళ మొదలుపెడతాను.

ఎందుకంటే ఈ పండగంతా ఒక మనిషి చెప్పిన దేవుడి మాట మీదే నడుస్తుంది. పండగకి ముందు పైడితల్లి అమ్మవారు పూజారి కలలో కనిపించి, ఫలానా చోట సిరిమానుకి చెట్టు ఉందని చెబుతుందని మన నమ్మకం. వెళ్లి వెతుకుతారు. చింతచెట్టు దొరుకుతుంది. తోట యజమాని తనంత అదృష్టవంతుడు లేడని పసుపూ కుంకుమా పెట్టి ఇస్తాడు. పండగ ముందురోజు, తొలేళ్ల రాత్రి, ఘటాలతో కోటకి వెళ్లి అమ్మ మాట వినిపిస్తారు, రైతులకి విత్తనాలు పంచుతారు. ఆ గింజలు తెచ్చి ఇంటి విత్తనాల్లో కలుపుకుని చల్లుకునేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

నేను లెక్కల టీచర్ని కాబట్టి దీనికీ ఒక లెక్క వేసి చూస్తాను. ఈ మాట వల్ల ఎవరికి ఎంత ఖర్చయింది? ఒక రైతుకి ఒక చెట్టు. అది ఇష్టంగా ఇచ్చినది. మిగతా బరువంతా ఎవరి మీద పడింది? అమ్మ చెప్పిందన్న మనిషి మీదే. దీక్ష ఆయనది. ఆ ఎత్తున ఊగుతూ కూర్చునేది ఆయన. మాను విరిగితే ముందు పడేది ఆయనే. చీకటి పడేసరికి దిగి ఇంటికి వెళతారు. మర్నాడు ఆయన కూడా మనలాగే బజార్లో కూరగాయలు బేరమాడతారు.

మనం పైడితల్లిగా కొలిచే పైడిమాంబ కథ కూడా గుర్తు చేసుకోండి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజు, తన అన్న విజయరామరాజు గారిని యుద్ధానికి వెళ్లొద్దని ఆ తల్లి బతిమాలిందని కథ చెప్పే ప్రతివాళ్లూ చెబుతారు. ఆయన విన్లేదు. తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. ఆ కబురు విని ఆమె ప్రాణం విడిచింది. పెద్ద చెరువు గట్టున దొరికిన విగ్రహాన్నే ఇవాళ మనం కొలుస్తున్నాం. అమ్మవారిగా కొలవడానికి ముందు ఆమె చెప్పిన మాట యుద్ధం వద్దని. విననందుకు ఆమె ఎవరినీ శపించలేదు, ఏడ్చింది. దేవుడి మాట ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నాకు ఆ కథ చాలు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మమ్మ ఒంటి మీదకి అమ్మోరు వచ్చేది. చీపురుపల్లి వైపు చిన్న ఊరు మాది. ఏడాదికోసారి గ్రామదేవత సంబరం జరిగేది. మూడు రోజుల ముందు నుంచి అమ్మమ్మ ఒంటిపూట చోడి అంబలి తాగి ఉండేది. సంబరం రోజు పసుపు నీళ్లు పోసి, వేపమండలు చేతికిచ్చి, డప్పులు మోగిస్తే జుట్టు విరబోసుకుని ఊగేది. గొంతు మారిపోయేది. ఊరివాళ్లు చుట్టూ కూర్చుని, "ఏటి తప్పు సేసినామే తల్లీ, సెప్పు" అని అడిగేవారు.

ఆ తల్లి ఏం చెప్పేది? "బందలో మట్టి తియ్యండర్రా, వచ్చే ఏడు నీళ్లుండవు" అని ఒక ఏడు. "అన్నదమ్ములిద్దరూ గట్టు కాడ కొట్టుకుంటే నాకు నిద్దర పట్టట్లేదు" అని ఇంకో ఏడు. నాకు పదేళ్లప్పుడు ఒక మాట చెప్పింది. ఊరి చివర వీధివాళ్ల ఘటం గుడి బయటే ఎందుకు ఆపేశారని అడిగింది. "ఆళ్లు నా బిడ్డలు కారా?" అంది. ఒక్కసారి డప్పులు ఆగిపోయాయి. పెద్దల మొహాలు మాడిపోయాయి. ఆ ఏడాది ఆ ఘటాన్ని లోపలికి రానివ్వలేదు. అమ్మోరి మాట ఊరు కాదంది. అయినా ఎవరికీ రక్తం కక్కుకునే జబ్బు రాలేదు, ఎవరి ఇల్లూ తగలబడలేదు. నాలుగైదేళ్ల తరవాత ఊళ్లో కుర్రాళ్లు పట్టుబట్టి ఆ ఘటాన్ని లోపలికి తీసుకొచ్చారు. అప్పటికి అమ్మమ్మకి పూనకం రావడం కూడా తగ్గిపోయింది.

సంబరం అయిపోయాక అమ్మమ్మకి ఇచ్చేది ఒక రవికల గుడ్డ, రెండు కొబ్బరి చిప్పలు. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే కూలికి వెళ్లిపోయేది. ఒకసారి పక్కన పడుకుని అడిగాను. "అమ్మమ్మా, నిజంగా అమ్మోరే మాటాడిందా?" కాసేపు ఊరుకుంది. "నాకేటి తెల్దమ్మా. మీరు సెప్తేనే నాకు తెలిసేది. మంచి మాటయితే అమ్మోరు సెప్పినట్టు. సెడ్డ మాటయితే నా నోరే" అంది.

చదువు లేదు ఆవిడకి. వేలిముద్ర. మంచి జరిగితే దేవుడిది, తప్పు జరిగితే తనది. ఈ లెక్కని తిరగేసినవాళ్లని తరవాత చాలామందిని చూశాను.

అలాంటివాడి దగ్గరికే ఆ అమ్మమ్మ కూతురు, అంటే మా అమ్మ, వెళ్లింది.

అమ్మకి అప్పటికి పద్నాలుగేళ్లుగా షుగరు. రోజూ రెండుపూటలా ఇన్సులిన్, తనే చేసుకునేది. షుగరు కన్నా పెద్ద బాధ ఇంకోటి ఉండేది. పొలం పంపకాల దగ్గర మాట పట్టింపు వచ్చి మా అన్నయ్య ఇంటికి రావడం మానేశాడు. ఫోను కూడా లేదు. పండగ వస్తే చాలు, అమ్మ అరిసెలు నాలుగు విడిగా డబ్బాలో పెట్టేది. పాడైపోయేదాకా ఆ డబ్బా అలాగే ఉండేది.

పక్కింటావిడ ఒక స్వామి గురించి చెప్పింది. ఆయన పేరు, ఊరు చెప్పను. మన జిల్లాలు దాటి కూడా వెళ్లక్కర్లేదు. మొదటిసారి నేనే తీసుకెళ్లాను. షామియానా, కుర్చీలు, వరస. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒక అమ్మాయి టోకెన్లు ఇస్తోంది. చక్కటి పిల్ల, చక్కటి మాట. "అమ్మా, ఎంత దూరం నుంచి వచ్చారు? టిఫిన్ చేశారా? మోకాళ్ల నొప్పులా, షుగరా?" అని అమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. అమ్మ అంతా చెప్పేసింది. షుగరు, సూదులు, పెద్ద కొడుకు, అరిసెలు. ఆ పిల్ల వింటూనే చీటీ మీద నంబరు వేసింది. ఆ చీటీ లోపలికి వెళ్లింది.

గంటన్నర తరవాత మా వంతు. ఆయన కళ్లు మూసుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తల్లీ, నీ రక్తంలో తీపి ఉంది. నీ గుండెలో చేదు ఉంది. పెద్దవాడు గుమ్మం తొక్కడం లేదు" అన్నారు. అమ్మ భోరున ఏడ్చేసింది. నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, చేతులు జోడించి నిలబడ్డాను. "వస్తాడు, పెద్దవాడు వస్తాడు" అన్నారాయన. విభూతి పొట్లం ఇచ్చి పంపించారు.

రెండోసారి నేను స్కూల్లో ఉండగా పక్కింటావిడతో వెళ్లింది. అప్పుడు చెప్పారట, అమ్మవారి ఆజ్ఞ అని. నలభై ఒక్క రోజులు సూది ముట్టుకోకూడదు, విభూతి నీళ్లు చాలు, ఇంట్లో ఎవరికైనా చెబితే ఫలం పోతుంది. అమ్మ నాకు చెప్పలేదు. మందులు వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నాననేది. నా చిన్నప్పటి నుంచీ నాతో అబద్ధం ఆడని మనిషి.

పంతొమ్మిదో రోజున తెలిసింది. గదిలో ఏదో వాసన. ఎడమకాలి చిటికెన వేలు దగ్గర చెప్పు కరిచిన చిన్న పుండు, నల్లబడిపోయింది. షుగరు తగ్గినవాళ్లలా నవ్వుతూ కూర్చుంది గానీ నాలిక ఎండిపోయింది. మీటరు పెట్టి చూస్తే అంకె రాలేదు, 'హై' అని మాత్రమే పడింది. ఫ్రిజ్ తలుపు తీశాను. ఇన్సులిన్ సీసా మూత ఊడదియ్యకుండా నిండుగా ఉంది. ఆ రాత్రే విశాఖపట్నం తీసుకెళ్లాం. మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తరవాత పద్నాలుగు నెలలు బతికింది.

ఆసుపత్రికి అన్నయ్య వచ్చాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని నా వైపు చూసి, "చూశావా, స్వామి చెప్పినట్టే వచ్చాడు" అంది. అమ్మ దృష్టిలో ఆ వాక్కు ఫలించింది. మరి కాలు మాటేమిటంటే, "నలభై ఒక్క రోజులు ఉండలేకపోయాం కదే, నా నమ్మకమే చాల్లేదు" అంది. కాలు పోయినందుకు కూడా తననే తప్పుపట్టుకుంది. నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డానంటే ఆ ఒక్క మాట వల్లే.

తను పోయాక పర్సు సర్దుతుంటే మొదటిసారి ఇచ్చిన విభూతి పొట్లం దొరికింది. ఆ టోకెన్ చీటీలోనే మడిచి ఇచ్చారు. ఒకవైపు 64 అని నంబరు. విప్పి చూస్తే మూలన పెన్సిలుతో సన్నగా, 'షు. పె.కొ. రాడు' అని ఉంది. షుగరు. పెద్ద కొడుకు రాడు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. (కాసేపు ఆగారు.)

ఆ చీటీ పట్టుకుని అడుగుదామని వెళ్లాను. "నమ్మకం లేనివాళ్లకి అమ్మ పలకదండీ" అని గుమ్మంలోనే ఒకాయన చెప్పి పంపించేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అన్నారా?

అమ్మ తెలివితక్కువది కాదు. మీ ఇళ్లలో ఇలా వెళ్లేవాళ్లూ తెలివితక్కువవాళ్లు కారు. ఆ టోకెన్ల పిల్ల అమ్మని, "టిఫిన్ చేశారా?" అని అడిగింది. స్కూలు, ఇల్లు, కూతురి పెళ్లి టెన్షన్‌లో నేను ఎన్ని నెలలుగా ఆ మాట అడగలేదో తరవాత లెక్క వేసుకున్నాను. చెప్పుకోడానికి మనిషి లేని ఇంట్లో నుంచే ఆ వరసలోకి నడుస్తారు.

ఆ చీటీ దొరికాక నేను చదవడం మొదలుపెట్టాను. దేవుడి స్వరం విన్నామన్నవాళ్లందరూ మోసగాళ్లేనా అని తెలుసుకోవాలనిపించింది. కాదు. గాంధీ గారే చెప్పారు కదా. 1933 మే 8న ఆయన 21 రోజుల నిరాహారదీక్ష మొదలుపెట్టారు. హరిజనుల కోసం ఆత్మశుద్ధికి. తనకి ఒక స్వరం వినిపించిందనీ, అది దేవుడి స్వరమేననీ స్పష్టంగా రాశారు. ఆ స్వరం ఏమడిగింది? ఆయన కడుపు మాడ్చుకోమంది. పక్కవాడి కడుపు కాదు. ఇంకెవరూ తనని చూసి మొదలుపెట్టొద్దని కూడా ఆయన చెప్పారు.

మరుసటి ఏడు, 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది పోయారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారు గాంధీ గారు. ఉద్దేశం మంచిదే. కానీ రాళ్ల కింద పడి చచ్చిపోయినవాళ్లలో ఆ అంటరానితనం అనుభవించినవాళ్లు లేరా, పసిపిల్లలు లేరా? రవీంద్రనాథ్ టాగూరు ఒప్పుకోలేదు. ప్రకృతిలో జరిగే దానికి ఇలా దైవశిక్ష అని పేరు పెట్టడం తప్పని గట్టిగా రాశారు. గాంధీ గారంటే నాకు ప్రాణం, కానీ ఈ విషయంలో నేను టాగూరు పక్షమే. ఆ స్వరం మొదటిసారి ఆయన ఒంటి మీద పడింది, రెండోసారి మాత్రం ఎవరో చచ్చిపోయినవాళ్ల మీద పడింది. ఒక్క విషయంలో మళ్లీ నా తల వంగుతుంది. టాగూరు రాసిన ఖండనని గాంధీ గారు తన పత్రిక 'హరిజన్'లోనే అచ్చు వేసి, కింద తన జవాబు రాశారు. దేవుడి ఉద్దేశం తెలిసిందన్న మనిషి, కాదన్నవాడి మాటని తన ఇంట్లో కూర్చోబెట్టి వినిపించాడు. నన్ను గుమ్మంలోంచే పంపించేశారే, దానికీ దీనికీ ఎంత దూరమో చూడండి.

బరువంతా వినేవాళ్ల మీదే పడితే ఏమవుతుందో చెప్పడానికి దేశదేశాల్లో ఉదాహరణలున్నాయి. 1978 నవంబరు 18న దక్షిణ అమెరికాలోని గయానాలో, జోన్స్‌టౌన్ అనే చోట జిమ్ జోన్స్ అనే మతనాయకుడి మాట మీద తొమ్మిది వందల మందికి పైగా పోయారు. విషం ముందు పిల్లలకి పట్టించారు. మూడొందల దాకా పిల్లలే. 2023లో కెన్యాలో షకహోలా అనే అడవిలో తవ్విన కొద్దీ శవాలే. నాలుగు వందలు దాటాయి. తిండి మానేసి చనిపోతే యేసుని చేరతారని తన మనుషులకి బోధించాడని ఒక పాస్టరు మీద అభియోగం. ఆయన ఒప్పుకోలేదు, అది కోర్టు తేలుస్తుంది. నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. వాళ్లు ఆకలితో పోయారు, ఆ బోధకుడు ప్రాణాలతో కోర్టు మెట్లెక్కాడు.

మన దేశంలో 2024 జులై 2న ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ దగ్గర ఒక బాబా సత్సంగంలో తొక్కిసలాట జరిగి 121 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఆయన వెళ్లే దారిలో పాదధూళి తీసుకోడానికి ఎగబడ్డారు. కాలి కింద మట్టి కోసం, ఆలోచించండి. డేరా సచ్చా సౌదా అనే ఆశ్రమం అధిపతి మీద 2002లో ఒక సాధ్వి పేరు రాయకుండా ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది. అత్యాచారం కేసులో ఆయన దోషి అని తీర్పు వచ్చింది 2017 ఆగస్టు 25న. పదిహేనేళ్లు. ఆ రోజు కూడా ఆ మనిషి కోసం రోడ్ల మీద గొడవలు చేసి ముప్పై మందికి పైగా పోయారు. దేవుడి మాట చెప్పేవాడి మీద ఒక ఆడపిల్ల ఫిర్యాదు చెయ్యాలంటే ఎంత ఎత్తు గోడ ఎక్కాలో ఇది చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కొందరికి ఒక సందేహం వస్తుంది. మా స్వామి చెప్పింది నిజమైంది కదా అని. మా అమ్మకీ నిజమైంది. పూర్వం లిడియా అనే దేశానికి క్రీసస్ అని రాజు. పర్షియా మీదకి యుద్ధానికి వెళ్లాలా అని గ్రీసులో డెల్ఫీ గుడిలో అడిగించాడు. వెళితే ఒక గొప్ప రాజ్యం కూలిపోతుందని దేవుడి మాటగా జవాబొచ్చింది. సంబరపడి వెళ్లాడు. కూలిపోయింది ఆయన రాజ్యమే. ఎటు జరిగినా చెప్పినవాడిది తప్పు కాకుండా ఉండే మాట అది. "పెద్దవాడు వస్తాడు" అన్నదీ అలాంటిదే. ఎప్పుడొస్తాడు, ఎందుకొస్తాడు? చెప్పలేదు. తల్లి కాలు పోతే ఏ కొడుకైనా వస్తాడు.

తేదీ పెట్టి చెప్పినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు 2011 మే 21న తీర్పు దినం అన్నాడు. రోడ్ల పక్కన బోర్డులు వెలిశాయి. దాచుకున్న డబ్బు ఆ ప్రకటనలకి ఇచ్చేసినవాళ్లున్నారు. ఆ రోజు ఏమీ కాలేదు. అక్టోబరు 21 అన్నాడు. అదీ వెళ్లిపోయింది. తరవాతి ఏడాది, తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. చర్చికి వెళ్లే మా స్నేహితురాలు నాకు బైబిల్లో ఒక చోటు చూపించింది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివరి వచనం. ప్రవక్త దేవుడి పేరు మీద చెప్పిన సంగతి జరగకపోతే అది దేవుడు పలికిన మాట కాదు, అతనికి భయపడకు అని ఉంటుంది. భయపడకు! ఆ రెండో ముక్క ఎంత పెద్దదో చూడండి. జరగలేదని తెలిశాక కూడా మనం భయపడడం మానలేకపోతున్నాం. ఖురాన్‌లో కూడా, తమ చేతులతో రాసి, కొద్దిపాటి వెలకి అమ్ముకోడానికి ఇది దేవుడి నుంచి వచ్చిందనేవాళ్ల గురించి గట్టి హెచ్చరిక ఉంది. ఏ మతంలో పెద్దలైనా ఈ రోగాన్ని ముందే కనిపెట్టారు.

మన గీత సంగతి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినది ఎవరు? సాక్షాత్తూ కృష్ణుడు. మధ్యవర్తి లేడు, టోకెన్ లేదు. విశ్వరూపం కూడా చూపించేశాడు. ఇక అర్జునుడు కాదనగలడా? అయినా చివరి అధ్యాయంలో 63వ శ్లోకంలో ఏమన్నాడు? "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు." ఇదంతా పూర్తిగా ఆలోచించుకుని, నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. దేవుడే స్వయంగా చెప్పి కూడా ఆలోచించుకోమని వదిలిపెట్టాడు. మరి దేవుడి తరఫున వచ్చాననే మనిషి, ఆలోచిస్తే ఫలం పోతుంది, ఇంట్లో చెబితే ఫలం పోతుంది, డాక్టరుని అడిగితే ఫలం పోతుంది అంటున్నాడంటే, ఆ దేవుడికీ ఈయనకీ ఎక్కడ చుట్టరికం? ఎంత ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు.

శ్రీకాకుళం దగ్గర గార మండలంలో శాలిహుండం కొండ ఎక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ముగ్గురే? పిల్లల్ని తీసుకెళ్లండమ్మా. కొండ మీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. ఆ బౌద్ధుల గురువు దగ్గరికి కాలాములు అనేవాళ్లు వెళ్లి, మా ఊరికి ఎవరెవరో బోధకులు వస్తున్నారు, ఎవరికి వారు తమదే నిజం అంటున్నారు, ఎవరిని నమ్మాలని అడిగారు. ఫలానాయన మన గురువు కదా అని కూడా నమ్మొద్దన్నాడు బుద్ధుడు. అది మంచికి దారి తీస్తుందో చెడుకో మీరే చూసి తెలుసుకోండన్నాడు. మా అమ్మమ్మ ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. కానీ ఆ చీకట్లో నాకు చెప్పింది దీనికి దగ్గర మాటే.

చట్టం గురించి ఒక్క ముక్క. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం ఒకటి నిషేధించింది. ఆ జబ్బుల జాబితాలో మధుమేహం కూడా ఉంది. మీ వీధిలో అలాంటి కరపత్రం, ఫ్లెక్సీ కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి. పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ఆ కాగితం పనికొస్తుంది. మా అమ్మ విషయంలో నా దగ్గర ఉన్నది ఒక పెన్సిలు గీత. దాంతో ఎక్కడికీ వెళ్లలేకపోయాను.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు. తమది గంట్యాడ దగ్గర ఊరనీ, కోడలికి అయిదో నెలనీ, ఆసుపత్రిలో ఇచ్చిన రక్తం మాత్రలు వేసుకోవద్దని ఒక గురువుగారు చెప్పారనీ, కోడలు ఎవరి మాటా వినడం లేదనీ, ఏం చెయ్యమంటారనీ అడిగారు.)

కూర్చోండమ్మా, కూర్చుని మాట్లాడండి. ముందు ఆ పిల్లని తిట్టకండి. నేను పంతొమ్మిదో రోజున అమ్మ మీద అరిచాను, నీకు బుద్ధి లేదా అన్నాను. తన మొహం అలా వాడిపోయింది. ఆ తరవాత తనకి ఏం నొప్పి ఉన్నా నాకు చెప్పడం మానేసింది. ఆ గురువుగారినీ ఆ పిల్ల ముందు తిట్టకండి. తిడితే తను ఆయన పక్షానే నిలబడుతుంది. మాత్రలు ఎందుకు వద్దనుకుంటోందో అడగండి. రక్తం మాత్రలకి కొంతమందికి కడుపులో తిప్పుతుంది, విరోచనం నల్లగా అవుతుంది, దానికి భయపడిందేమో. అలా అయితే నర్సమ్మకి చెబితే ఎప్పుడు ఎలా వేసుకోవాలో సర్దుబాటు చేస్తుంది.

(కడుపులో బిడ్డకి మంచిది కాదని అమ్మవారు చెప్పిందని ఆయన అన్నారని ఆవిడ చెప్పారు.)

సరే. అయితే ఇలా చెయ్యండి. మీ కోడల్ని తీసుకుని ఆ గురువుగారి దగ్గరికే వెళ్లండి. దణ్ణం పెట్టండి. ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టి, "ఈ మాత్రలు మానెయ్యమని అమ్మ ఆజ్ఞ అని రాసి, కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి స్వామీ, ఆసుపత్రిలో చూపించాలి" అని అడగండి. గట్టిగా మాట్లాడక్కర్లేదు. ఆయన సంతకం పెడతారో లేదో మీ కోడలు తన కళ్లతో చూడాలి, అంతే.

(ఒక్కర్తినీ వెళ్లడానికి భయంగా ఉందని ఆవిడ అన్నారు.)

ఒక్కరూ ఎందుకమ్మా, నేనూ వస్తాను. రేపు సోమవారమే కదా. పొద్దున్న ఎనిమిదింటికి కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కుతాను, తొమ్మిదికల్లా మీ ఇంట్లో ఉంటాను. కోడల్ని టిఫిన్ చేసి ఉండమనండి. మాత్రల డబ్బా, ఆసుపత్రి కార్డు తీసి ఉంచండి. కాగితం, పెన్ను నేను తెస్తాను.